బ్యాటరీ లెక్క – బాట లెక్క
(ప్రసంగ పాఠం)

 

హోసూరు పేరు చెప్పగానే ఒకప్పుడు గులాబీ తోటలు, తరువాత లారీలు, మోపెడ్లు స్ఫురించేవి. ఇప్పుడు విద్యుత్ స్కూటర్లు కూడ ఆ వరుసలో చేరాయి. ఏథర్ కర్మాగారం హోసూరులోనూ, ఓలా కర్మాగారం ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనూ ఉన్నాయి. ఇట్టి చోట పుట్టి పెరిగిన యువకునికి, పెరట్లో మూలపడిన పాత మారుతి 800లో ఇంజను తీసివేసి మోటారు, బ్యాటరీలు అమర్చాలన్న తలంపు కలగడంలో వింత లేదు. పని చేయిపట్టినవాడికి అది అసాధ్యమూ కాదు. చిక్కంతా ఒక్క ప్రశ్నలో ఉన్నది: ఒకసారి ఛార్జి చేస్తే ఆ బండి ఎంత దూరం పోతుంది? దీనికి సరియైన సమాధానం లేకుండా బ్యాటరీలు కొన్నవాడు ఇంటి సొమ్ము పోగొట్టుకోవడమే కాక, ఆలుబిడ్డలను చీకటి వేళ జాతీయ రహదారి పక్కన నిలబెట్టే ప్రమాదమూ ఉన్నది.

సామాన్యంగా చేసే లెక్క ఇది. పన్నెండు వోల్టుల, నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలు ఎనిమిది. వరుసగా కలిపితే 96 వోల్టులు. నూరుతో గుణిస్తే 9,600 వాట్-గంటలు, అనగా కరెంటు బిల్లు భాషలో 9.6 యూనిట్లు. 2001లో బెంగళూరు వీధులకెక్కిన రేవా కారు బ్యాటరీల శక్తీ ఇంచుమించు ఇంతే. అందులో ఉన్నవి ఆరు వోల్టులవి ఎనిమిది.

ఇక బండి తినే శక్తి ఎంత? మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఇంజను, పెట్రోలు ట్యాంకు, రేడియేటరు, సైలెన్సరు పోగా, మోటారు, ఒక్కొక్కటి 30 కిలోల పైచిలుకు తూగే బ్యాటరీలు, ఇద్దరు మనుషులు చేరితే 950 కిలోలు అనుకోవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో సమతలమైన దారిపై పోయేటప్పుడు టైర్ల రాపిడి దాదాపు 120 న్యూటన్లు, గాలి నిరోధం 75 న్యూటన్లు. రెండూ కలిపి 195. కిలోమీటరుకు చక్రాల వద్ద 54 వాట్-గంటలు. మోటారు, కంట్రోలర్, గేర్లలో నాలుగోవంతు వృథా అవుతుంది కనుక బ్యాటరీ 72 ఇవ్వాలి. బ్రేకులు, మళ్లీ మళ్లీ బయలుదేరడాలు, దీపాలు, వైపరు అన్నీ కలుపుకుంటే నూరు. అంటే యూనిట్‌కు పది కిలోమీటర్లు. 9.6 యూనిట్లకు 96 కిలోమీటర్లు! బ్యాటరీలు అమ్మేవాడు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాడు.

వస్తుతః కథ ఇక్కడే మొదలవుతుంది. బ్యాటరీ మీద వ్రాసిన నూరు ఆంపియర్-గంటలు, సాధారణంగా ఇరవై గంటల పాటు నిదానంగా, అంటే 5 ఆంపియర్ల చొప్పున వాడినప్పటి అంకె. ఇంటి ఇన్వర్టరుకు అది కొంతవరకు సరిపోవచ్చు. కారు మాత్రం 50 కిలోమీటర్ల వేగానికి 5 కిలోవాట్లు, అనగా 52 ఆంపియర్లు లాగుతుంది. పది రెట్లు! పల్లెటూరి వేసవి బావిని తలచుకోండి. నిదానంగా చేదితే ఊట ఊరుతూనే ఉంటుంది. మోటారు పెట్టి తోడితే అరగంటలో బురద కనిపిస్తుంది. సీసపు బ్యాటరీలోనూ అంతే. వేగంగా వాడినప్పుడు పలకల రంధ్రాలలోని ఆమ్లం పలచబడుతుంది, వెలుపలి ఆమ్లం లోపలికి చేరడానికి వ్యవధి చాలదు, వోల్టేజి పడిపోతుంది. బండి ఆగిన తరువాత కాసేపు విశ్రాంతినిస్తే ఊట ఊరినట్లు కొంత తేరుకుని మరికొంత దూరం కదులుతుంది. ఇది చూసి బ్యాటరీలో ఇంకా బోలెడు శక్తి ఉన్నదని మురిసిపోరాదు.

ఈ సంగతికి 1897లో జర్మనీకి చెందిన ప్యూకెర్ట్ ఒక సూత్రం రూపొందించాడు. అందులోని ఘాతాంకం 1.2 అనుకుంటే, 52 ఆంపియర్ల వద్ద నూరుకు బదులు దొరికేది 62 మాత్రమే. అందులోనూ ఆఖరి బొట్టు వరకు పిండితే బ్యాటరీ ఆయుష్షు త్వరగా తీరుతుంది కనుక ఐదింట నాలుగు వంతులే వాడాలి. అప్పుడు మిగిలేది 50 ఆంపియర్-గంటలు, 4.8 యూనిట్లు, 48 కిలోమీటర్లు. తొంబదియారులో సరిగ్గా సగం. వేగం 70కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపై, ఆ నలభై ఎనిమిదీ ముప్పై నాలుగుకు దిగుతుంది.

ఇక బాట సంగతి. హోసూరు నుంచి కృష్ణగిరి సుమారు 50 కిలోమీటర్లు. హోసూరు కృష్ణగిరి కంటే 350 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. బస్సులో కూర్చున్నవాడికి ఇది తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది. 950 కిలోలను 350 మీటర్లు ఎత్తడానికి, నష్టాలతో కలిపి, 1.2 యూనిట్లు కావాలి. దిగేటప్పుడు దాదాపు అంతే కలిసివస్తుంది. సమతలంపై 5 యూనిట్లు పట్టే ప్రయాణం దిగడానికి 3.8, ఎక్కడానికి 6.2 అవుతుంది. ఉన్నది 4.8. కనుక బండి హుషారుగా కృష్ణగిరి చేరుతుంది, చేసినవాడు మిత్రులకు గర్వంగా చూపుతాడు. అక్కడ రాత్రంతా ఛార్జి పెట్టి నిండుగా బయలుదేరినా, తిరుగు ప్రయాణంలో శూలగిరి దాటిన తరువాత, హోసూరు ఇంకా పదమూడు కిలోమీటర్లు ఉండగానే శక్తి అయిపోతుంది. పోయిన బండి రాదని ముందే చెప్పగలిగేది ఈ లెక్క ఒక్కటే. అందుచేత దూరాన్ని ఎప్పుడూ ఎక్కే దిశలోనే గణించాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలైతే వేగంగా వాడినా ఇంతగా తగ్గవు, బరువూ సగానికి లోపే. అదే 9.6 యూనిట్లకు 80 కిలోమీటర్ల వరకు ఆశించవచ్చు. అయితే ఖరీదు హెచ్చు. ఒక్కొక్క సెల్లును కనిపెట్టి ఉండే రక్షణ వలయం లేకుండా వాటిని వాడడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

పైన చెప్పిన రాపిడి, గాలి అంకెలు అంచనాలు. అసలైనవి తెలుసుకోవడానికి ఒక్క బ్యాటరీ కూడ కొననక్కరలేదు. ఇంజను విప్పకముందే, రద్దీలేని సమతలమైన దారిపై, నలుగురు పెద్దవాళ్లు కూర్చున్న మారుతిని గంటకు 50 కిలోమీటర్లు దాటించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి వదలాలి. వేగం 50 నుంచి 40కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనున్నవారు చూడాలి. గాలి, వాలు ప్రభావాలు కొట్టుకుపోవడానికి ఎదురు దిశలోనూ చేసి సగటు తీయాలి. బరువును 2.78తో గుణించి సెకన్లతో భాగిస్తే నిరోధం న్యూటన్లలో వస్తుంది, దానిని 3.6తో భాగిస్తే కిలోమీటరుకు వాట్-గంటలు. తొమ్మిదో తరగతి గతిశాస్త్రమే ఇది. 14, 15 సెకన్లు పడితే పై లెక్క సరిపోయినట్లే. 11 సెకన్లకే దిగితే నిరోధం మూడోవంతు అధికం. అప్పుడు ముందుగా చూడవలసినవి టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకులు. ఈ చిన్న మరమ్మతు వల్ల కలిసివచ్చే దూరం, మరో రెండు బ్యాటరీలు కొన్నా రాకపోవచ్చు.

చట్టం మాటా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఇష్టం వచ్చినట్లు బండిని మార్చరాదు. ఆమోదం పొందిన కిట్ ఉండాలి, రిజిస్ట్రేషన్ పుస్తకంలో మార్పు నమోదు కావాలి. అంతవరకు పరీక్షలన్నీ సొంత ఆవరణలోనే జరగాలి. 96 వోల్టుల డి.సి. ప్రాణం తీయగలదు. ఛార్జి సమయంలో సీసపు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక గాలి ఆడే చోట పెట్టాలి.

బండి సిద్ధమైన తరువాత ఆంపియర్-గంటలు లెక్కపెట్టే మీటరు ఒకటి అమర్చి, అది చూపిన నిజాన్ని ఒక అట్టముక్కపై వ్రాసి స్టీరింగు పక్కన అంటించడం మంచిది: ఎక్కడానికి ఇన్ని కిలోమీటర్లు, దిగడానికి ఇన్ని. ఆరు నెలలకొకసారి మళ్లీ కొలవాలి. సమతలంపై కొత్తలో 48 చూపిన బ్యాటరీ, శక్తి ఐదోవంతు తరిగిన నాటికి 38 మాత్రమే చూపుతుంది.