విచారణలో ఏడు దినములు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కతోలిక విచారణ యనగా గుడి మాత్రమే కాదు. ఒక గురువుల పాలనలోని పల్లెల సముదాయము. గురువులు ప్రతిదినము ప్రతి పల్లెకును రాలేరు. అందుచేత ఉపదేశి సాయంకాలము జపము చెప్పించును, పిల్లలకు జ్ఞానోపదేశము నేర్పును, రోగుల వార్త గురువులకు అందించును. తపస్కాలపు శుక్రవారములందు సిలువ మార్గము సలుపుదురు. ఆదివారము అందరును దివ్యపూజకు చేరుదురు. 1962-65 నాటి రెండవ వాటికన్ మహాసభకు పూర్వము పూజ లాటినులో జరిగెడిది. పిమ్మట తెలుగులోనికి వచ్చినది.

భాష అడ్డు తొలగినది. కులము అడ్డు తొలగినదా? ఒకే బలిపీఠము చెంత సత్ప్రసాదము స్వీకరించినవారిని కొన్నిచోట్ల వేర్వేరు శ్మశానములలో పూడ్చుచున్నారు. ఈ భేదము ఘోర సామాజిక పాపమని భారత కతోలిక పీఠాధిపతులు 2016లో ప్రకటించిరి. 2022లో దళిత కుటుంబమున పుట్టిన పూల అంథోని గారు తొలి తెలుగు కార్డినలు అయిరి. రోమునగరమున సాధ్యమైనది మన ఊరి శ్మశానమున ఏల కాకూడదు?

ఈ గ్రంథాలయమున ఒకే బల్ల చుట్టును కూర్చుండి అందరమును చదువుకొనుచున్నాము. విచారణ పెద్దలును శ్మశానములోని అడ్డుగోడలను తీయించవలెను. ఆదివారపు సమత తక్కిన ఆరు దినములందును నిలువవలెనని నా మనవి.