కొనం అనే మాట బరువు



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపటి నుంచి కంపెనీల కొనుగోలు విభాగాల్లో కూర్చుంటారు. కొందరు బ్యాంకుల్లో అప్పుల దరఖాస్తులు పరిశీలిస్తారు. కొందరు రేవుల్లో దిగే సరకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తారు. అందరూ మొదటి జీతం తీసుకుని బజారుకు వెళ్తారు. అందుకని ఇవాళ బహిష్కరణ గురించి మాట్లాడదామనుకున్నాను. ఎక్కడో ఒక ప్రభుత్వం తన ప్రజలను అణగదొక్కుతుంటే, వేల మైళ్ల దూరాన ఉన్న మామూలు మనిషి ఆ దేశపు సరకు కొనడం మానేసి ఆ ప్రభుత్వాన్ని దారికి తేగలడా? తేగలడనే నా నమ్మకం. కానీ ఆవేశం ఒక్కటే ఉంటే ఆ పని కాదు. అణచివేతకు గురవుతున్నవాళ్లు ఏం అడుగుతున్నారో వినాలి. ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. నష్టంలో మన వాటా మనం భరించాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో హెన్రీ స్ట్రీట్ పేరున్న బజారు వీధి. అక్కడి డన్స్ స్టోర్స్ దుకాణంలో మేరీ మానింగ్ అనే అమ్మాయి బిల్లింగ్ కౌంటర్లో పనిచేసేది. వయసు 21, అంటే మీ ఈడే. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికా సరకు ముట్టుకోవద్దని ఆమె కార్మిక సంఘం సభ్యులను ఆదేశించింది. 1984 జూలై 19న ఒకావిడ రెండు గ్రేప్‌ఫ్రూట్ కాయలు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. అవి దక్షిణాఫ్రికాలో కాసినవి. వాటికి నేను బిల్లు వేయలేనని మేరీ చెప్పింది. యాజమాన్యం ఆమెను సస్పెండ్ చేసింది. సంఘం ప్రతినిధి కారెన్ గెరన్, మరికొందరు సహోద్యోగులు ఆమె వెంటే బయటికి నడిచారు.

ఆ రోజుకు వాళ్లకు వర్ణవివక్ష గురించి పెద్దగా తెలియదు. సంఘం మాట నిలబెట్టాలన్నదే పట్టుదల. ఏదో కొద్ది రోజుల్లో తేలిపోతుందనుకున్నారు. దక్షిణాఫ్రికా నుంచి వెళ్లిపోయి ప్రవాసంలో బతుకుతున్న నిమ్రాడ్ సెజాకే అనే కార్మిక నాయకుడు వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. నల్లవాళ్లు గుర్తింపు పాస్‌బుక్ జేబులో లేకుండా వీధిలోకి రాకూడదని, ఎక్కడ ఉండాలో ఎక్కడ చదవాలో చర్మం రంగును బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుందని ఆయన చెబుతుంటే వాళ్లకు తాము ఎందుకు నిలబడ్డామో తెలిసివచ్చింది. ఇక వెనక్కి తిరగలేదు. వారానికి 21 పౌండ్ల సమ్మె భత్యంతో బతికారు. ఆ డిసెంబరులో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి వెళ్తూ దక్షిణాఫ్రికా బిషప్ డెస్మండ్ టుటు లండన్‌లో వాళ్లను పిలిపించుకుని మాట్లాడారు. మరుసటి ఏడాది సమ్మెకారులు తమ కళ్లతో చూసి వద్దామని దక్షిణాఫ్రికా వెళ్తే అక్కడి ప్రభుత్వం విమానాశ్రయం నుంచే తిప్పి పంపింది. సమ్మె దాదాపు మూడేళ్లు నడిచింది. చివరికి 1987లో ఐర్లండ్ ప్రభుత్వం దక్షిణాఫ్రికా పళ్లు, కూరగాయల దిగుమతిని నిషేధించింది. రెండు కాయల దగ్గర మొదలైన పంతం ఒక దేశం చట్టంగా మారింది.

ఈ సమ్మె వెనక అప్పటికే పాతికేళ్ల శ్రమ ఉంది. బహిష్కరించమని ముందు అడిగింది దక్షిణాఫ్రికా నల్లజాతి ప్రజలే. 1959లో బేతల్ ప్రాంతపు బంగాళాదుంప పొలాల్లో కూలీలను బానిసల్లా వాడుకుంటున్నారని తెలిసి, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ బంగాళాదుంపలు తినవద్దని పిలుపునిచ్చింది. పేదవాడి పొట్ట నింపే కూర అది. అయినా మానేశారు. అదే ఏడాది జూన్ 26న లండన్‌లో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. ఆ సభలో టాంగన్యికా నాయకుడు జూలియస్ న్యెరెరే, క్రైస్తవ గురువు ట్రెవర్ హడల్‌స్టన్ మాట్లాడారు. 1960 మార్చిని బహిష్కరణ మాసంగా పాటిస్తుండగానే, 21వ తేదీన షార్ప్‌విల్‌లో పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ తర్వాత ఈ ఉద్యమం పళ్లతో ఆగలేదు. ఆటలకు, ఆయుధాలకు, అప్పులకు పాకింది.

మన దేశం ఇంకా ముందే కదిలింది. అందులో మన తెలుగువాళ్ల సంగతీ ఉంది. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని నాటల్ చేరింది. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాల నుంచి మనవాళ్లూ అక్కడి చెరకు తోటలకు వెళ్లారు. వాళ్ల పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. 1946లో అక్కడి ప్రభుత్వం భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో గీత గీసే చట్టం తెచ్చింది. ఆ జూలైలో భారత్ దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది. ఆ పని చేసిన మొదటి దేశం మనదే. అప్పటికి మనకు స్వాతంత్ర్యం కూడా రాలేదు.

అదే ఏడాది నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు యువకుడు ఒకరు పై చదువులకు న్యూయార్క్ చేరారు. పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. దక్షిణాఫ్రికా నుంచి ఐక్యరాజ్యసమితికి గోడు చెప్పుకోవడానికి వచ్చిన నాయకులను ఆయన అక్కడే కలిశారు. 1949లో సమితి సచివాలయంలో ఉద్యోగంలో చేరారు. 1962 నవంబరులో సర్వప్రతినిధి సభ 1761వ తీర్మానం చేసింది. దక్షిణాఫ్రికా సరకు కొనవద్దని, ఆ దేశపు ఓడలను రేవుల్లోకి రానివ్వవద్దని సభ్యదేశాలను కోరింది. ఆ పని చూడటానికి ఒక ప్రత్యేక సంఘాన్ని వేసింది. దక్షిణాఫ్రికాతో పెద్ద ఎత్తున వర్తకం చేసే పాశ్చాత్య దేశాలు ఒక్కటీ అందులో చేరలేదు. 1963లో రెడ్డి గారు ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. గినియా ప్రతినిధి డియాలో టెల్లి దానికి అధ్యక్షుడు.

పెద్ద దేశాలు లేని సంఘం ఏం సాధిస్తుంది? అడ్డుపడేవాళ్లు లోపల లేరు కాబట్టి పని చురుగ్గా సాగుతుందని రెడ్డి గారు గ్రహించారు. ప్రభుత్వాలు కదలకపోతే వాటి వెనక ఉన్న జనాన్ని కదిలించాలనుకున్నారు. విద్యార్థి సంఘాలు, చర్చిలు, కార్మిక సంఘాలతో సంబంధాలు పెంచారు. వాళ్లకు కావలసిన వివరాలు అందించారు. దక్షిణాఫ్రికా వెళ్లి ఆడిన క్రీడాకారుల పేర్లు, పాడిన కళాకారుల పేర్లు రిజిస్టర్లుగా అచ్చువేసే పద్ధతి సమితిలో ఆయన నడిపిన వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రంలోనే మొదలైంది. తిట్టు లేదు, బెదిరింపు లేదు, ఎవరు ఎప్పుడు వెళ్లారన్న వివరం మాత్రమే. తన పేరు ఆ జాబితాకు ఎక్కుతుందంటే ఎంత పేరున్న గాయకుడైనా ఒకసారి ఆలోచించేవాడు. ఆఫీసు గదిలో కూర్చుని, ఫైళ్లు సర్దుతూ, సరైన కాగితాన్ని సరైన మనిషికి చేరవేస్తూ చేసిన ఇలాంటి సేవకు మన దగ్గర తగినంత గౌరవం దక్కలేదని నా బాధ.

మీలో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి పోలరాయిడ్ సంగతి చెప్పాలి. 1970లో అమెరికాలో ఆ కంపెనీలో పనిచేసే కరోలిన్ హంటర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహోద్యోగి కెన్ విలియమ్స్, తమ ఫొటో పరిజ్ఞానాన్ని దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పాస్‌బుక్కులకు వాడుతున్నారని గుర్తించారు. మా కంపెనీ వస్తువులు కొనకండని తమ కంపెనీ మీదే ఉద్యమం లేవదీశారు. ఉద్యోగాలు పోయాయి. 1977లో పోలరాయిడ్ ఆ దేశం నుంచి బయటికి వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. ఇదంతా పనిచేసిందా? పళ్లు కొనకపోవడం వల్ల దక్షిణాఫ్రికా ఖజానా ఖాళీ కాలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆ దేశం బంగారం, వజ్రాలు, బొగ్గు అమ్ముకుని బతికేది. పళ్ల కౌంటర్ దగ్గర జరిగింది వేరు. తమ చేతిలోని కాయ ఏ పొలం నుంచి వచ్చిందని లక్షల మంది తమను తాము అడగడం మొదలుపెట్టారు. పళ్ల గురించి అడిగినవాడు తర్వాత తన బ్యాంకు గురించి అడిగాడు. బ్రిటన్ విద్యార్థులు బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతాలు తెరవడం మానేశారు. 1986లో ఆ బ్యాంకు దక్షిణాఫ్రికాలోని తన వాటా అమ్మేసుకుంది. అంతకు ముందు ఏడాదే అమెరికా బ్యాంకు చేజ్ మన్‌హాటన్ ఆ దేశానికి అప్పులు కొనసాగించనని తేల్చి చెప్పడంతో మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. దక్షిణాఫ్రికా కరెన్సీ ర్యాండ్ విలువ కుప్పకూలింది. అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ఆ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. 1986 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి ఆంక్షల చట్టం చేసింది. బ్యాంకు అధికారులకైనా, చట్టసభల సభ్యులకైనా భయం, సిగ్గు పుట్టించింది వాళ్ల ఖాతాదారులు, వాళ్ల ఓటర్లు.

దేశం లోపల పోరాటం లేకపోతే బయటి బహిష్కరణకు ప్రాణం ఉండదు. 1985 జూలైలో పోర్ట్ ఎలిజబెత్‌లో నల్లజాతి ప్రజలు తెల్లవాళ్ల దుకాణాల్లో కొనడం మానేశారు. ఆ ఉద్యమానికి నాయకుడు ఎంకుసెలి జాక్ అనే యువకుడు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించింది, నాయకులను నిర్బంధించింది. అమ్మకాలు పడిపోయిన దుకాణదారులే చివరికి వెళ్లి వాళ్లను విడిచిపెట్టమని ప్రభుత్వాన్ని అడగాల్సి వచ్చింది.

బహిష్కరణ వల్ల ముందు దెబ్బ తినేది పేదవాడే కదా అని మీకు అనిపించవచ్చు. అది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుతులీ దీనికి జవాబు చెప్పారు. మా వాళ్లకు కష్టం వస్తుందని తెలిసే అడుగుతున్నాం, ఇప్పుడున్న కష్టం కాలం తగ్గుతుందంటే ఆ ధర కడతాం అన్నది ఆయన మాటల సారం. ఆ మాట అనే హక్కు లుతులీకి ఉంది. సుఖంగా కూర్చున్న మనకు లేదు. వాళ్లు అడగకుండా వాళ్ల పేరు మీద మనం బహిష్కరణ ప్రకటిస్తే అది అహంకారమే అవుతుంది.

అవతలి పక్కన పని పోగొట్టుకున్నవాడి ముఖం చూసే ధైర్యం కూడా కావాలి. 1931 సెప్టెంబరులో గాంధీజీ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్ ఊరికి వెళ్లారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలిన మిల్లుల ఊరు అది. అక్కడి మిల్లు కార్మికులను కలిశారు, వాళ్ల కష్టం విన్నారు, మా పల్లెల్లో ఆకలి ఇంకా ఎక్కువని చెప్పారు. మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. బహిష్కరణ వాళ్ల మీద కాదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగారు.

ఇప్పుడు మన కాలానికి వస్తాను. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు. వాళ్లలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఒకరు. దేశమంతా రగిలింది. మేడల మీద నుంచి చైనా టీవీలు కింద పడేసినవాళ్లూ ఉన్నారు. ఆ దుఃఖం నిజమైనది, ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. కానీ 2023-24 నాటికి చైనా నుంచి మన దిగుమతులు ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు దాటాయి. ఎందుకని? పగలగొట్టిన టీవీకి అప్పటికే డబ్బు కట్టేశాం. చైనా ఫలానా పని చేస్తే మళ్లీ కొంటాం అన్న షరతు ఎవరూ పెట్టలేదు. ఏది మానగలం, ఏది మానలేం అన్న లెక్క ఎవరూ వేయలేదు. జీడిమెట్ల, పరవాడ మందుల కంపెనీలకు వచ్చే ముడి రసాయనాలు చూడండి. దేశం దిగుమతి చేసుకునే వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు చైనావే. రోగికి కావలసిన యాంటీబయాటిక్‌ను ఎవరూ బహిష్కరించలేరు. ఫార్మసీ, కెమిస్ట్రీ చదివిన మీరు ఆ రసాయనాలను ఇక్కడే తక్కువ ఖర్చుతో తయారుచేసే దారి కనిపెట్టిన రోజున, కొనం అని చెప్పే శక్తి దేశానికి వస్తుంది.

మరో సంగతి గట్టిగా చెప్పాలి. ఒక ప్రభుత్వం మీద కోపంతో మన వీధిలో ఉండే ఆ దేశస్థుడినో, ఆ పోలికలున్న ఈశాన్య రాష్ట్రాల విద్యార్థినో వేధిస్తే అది బహిష్కరణ కాదు, నేరం. అప్పు తెచ్చి సరకు నింపుకున్న చిన్న దుకాణం మీద రాళ్లు వేయడమూ అంతే.

ఎప్పుడు ఆపాలో ముందే తెలిసి ఉండాలి కూడా. దక్షిణాఫ్రికా ఉద్యమం కోరినవి స్పష్టమైనవి: ఖైదీల విడుదల, నిషేధాల ఎత్తివేత, మనిషికొక ఓటు. 1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికి వచ్చారు. ఆంక్షలు వెంటనే ఎత్తేయమని ఆయన అనలేదు. ఎన్నికలకు దారి ఖాయమయ్యాక, 1993 సెప్టెంబరులో సమితి ప్రత్యేక సంఘం ముందు నిలబడి ఆర్థిక ఆంక్షలు ఎత్తేయమని కోరారు. మొదలుపెట్టమన్నది వాళ్లే, ఇక చాలన్నదీ వాళ్లే. 1946లో తెగిన మన వర్తకం కూడా 47 ఏళ్లకు, ఆ ఏడాదే మళ్లీ కలిసింది.

చరిత్ర, రాజనీతి శాస్త్రాల్లో పరిశోధనకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి గారు 2020 నవంబరులో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. దక్షిణాఫ్రికా ఆయనకు ఆ దేశపు ఉన్నత పురస్కారమైన ఓ.ఆర్. టాంబో బిరుదు ఇచ్చి గౌరవించింది. ఆయన కాగితాలు యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మీలో ఎవరైనా వాటిని చదివి, ఆయన జీవితాన్ని తెలుగులో సమగ్రంగా రాయండి. ఆ పనికి పూనుకునే విద్యార్థికి ఈ విశ్వవిద్యాలయం ఒక ఫెలోషిప్ ఏర్పాటు చేయాలని ఉపకులపతి గారిని ఈ వేదిక మీద నుంచే కోరుతున్నాను.