దూడల పారుడు - జున్నుపాల వాటా



మన కొలకలూరు కృష్ణా పడమటి డెల్టాలోని గ్రామము. ధాన్యము చేతికి వచ్చువఱకు పెక్కు కుటుంబములను గడుపునది గేదెపాడియే. గేదె యీనిన దినము ఇంట పండుగ. ఆ సంతోషము తీరకమునుపే దూడ పారుడు పట్టి చచ్చుట మనకు క్రొత్త గాదు. దానిని దిష్టి యని సరిపెట్టుకొనుచున్నాము. అది దిష్టి గాదనియు, చాలవఱకు నివారింపదగిన పేగుల వ్యాధి యనియు మనవి చేయుటకే మేము నిలిచితిమి.

పుట్టిన తొలి వారములలో దూడను బాధించు తెల్లపారుడునకు ముఖ్యకారణములలో ఈ. కోలై, సాల్మొనెల్లా అను బాక్టీరియాలు కలవు. ఇవి పేడలోను, తడినేలలోను, పొదుగున కంటిన మురికిలోను ఉండి నోటిద్వారా లోనికి పోవును. ఈ. కోలైలో కొన్ని జాతులు పేగుగోడ నంటుకొని విషమును విడుచును. అందుచే ఒంటిలోని నీరును లవణములును పేగులోనికి ఊరి వెడలిపోవును. దూడ ప్రాణమును తీయునది ప్రధానముగా ఈ నీటినష్టమే.

మనుష్యశిశువువలె గాక, దూడకు గర్భములో తల్లినుండి రోగరక్షణ పదార్థములు చేరవు. అవి జున్నుపాలలో నున్నవి. వానిని గైకొను శక్తి దూడ పేగులకు మొదటి గంటలలో అధికము. ఒక దినమునకు దాదాపు నశించును. 1922 లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరునితో గూడి ఈ సంగతి పరీక్షింపగా, జున్నుపాలు లేని దూడలలో పెక్కు మరణించెను, త్రాగినవి బ్రదికెను.

మనమో, మాయ పడువఱకు దూడను త్రాగనీయము. తొలిపాలతో జున్ను వండి బంధువుల యిండ్లకు పంపుదుము. బంధుమర్యాద మంచిదే. కాని దూడ వాటా తీరిన పిమ్మటనే జున్నుగిన్నె పొయ్యి కెక్కవలెను. పుట్టిన రెండు గంటలలోపల మొదటిసారి త్రాగించి, తొలిదినమున మొత్తము దూడ బరువులో పదవవంతు, అనగా 30 కిలోల దూడకు 3 లీటర్లు, అందింపవలెను. బొడ్డునకు టించరు అయొడిను అద్దవలెను. దున్నదూడ యని ఉపేక్షింపరాదు. దాని పారుడే ప్రక్కనున్న పెయ్యకు అంటును.

పారుడు పట్టినచో దూడను వేఱుగా కట్టి, పొడి గడ్డి పఱచి, లవణములు గ్లూకోజు కలిసిన పొడిని ప్యాకెట్టుపై వ్రాసిన కొలతతో కాచి చల్లార్చిన నీటిలో కలిపి పలుమాఱులు పట్టవలెను. పాలు మానిపింపరాదు, ఈ నీటిని పాలలో కలుపరాదు. కన్నులు గుంటలు పడినను, చర్మము పట్టి విడిచినచో వెంటనే సర్దుకొనకున్నను, నెత్తురు పడినను, దూడ లేవలేకున్నను తక్షణము పశువైద్యుని పిలువవలెను.

మందుల అంగడికి పరుగెత్తి యాంటిబయొటిక్కు కొనుట తగదు. పారుడు కొన్నిసార్లు వైరసువలనను, గేదెదూడలలో ఏలికపాములవలనను కలుగును. అచ్చట ఆ మందు నిష్ఫలము. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకులై యున్న లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948 లో లోకమున కందెను. అట్టి అమూల్యమైన మందుల జాతిని అనవసరముగా వాడినకొలది బాక్టీరియాలు వానికి లొంగకుండును. ఆ మొండి బాక్టీరియాలు మన బిడ్డలకును సోకును. అందుచేతనే కొలిస్టిన్ అను మందును ఆహారపు జంతువులకు వాడరాదని 2019 లో భారత ప్రభుత్వము నిషేధించెను. వైద్యుడు వ్రాసినపుడు పూర్తి మోతాదు వాడుడు. మందు పొందినది పాడిగేదె యైనచో, గడువు తీరువఱకు దాని పాలు కేంద్రమునకు పోయకుడు.

దాతలకు మాదొక విన్నపము. సంఘము కార్యస్థానమున లవణపు పొడి ప్యాకెట్లు, పాలసీసా, జ్వరమాపకము, టించరు అయొడిను గల పెట్టె యొకటి ఏర్పఱుపుడు. అర్ధరాత్రి దూడ పడిపోయిన పేదయింటి కది అక్కఱకు వచ్చును. కులబాంధవులారా! నేటి దూడయే ఱేపటి పాడి. దాని వాటా దానికి దక్కనిండు.