ఈల ఊదేవాడూ అలసిపోతాడు
(ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



చదువు గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను ఫుట్‌బాల్ రిఫరీ అలసట గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆటలో మన కళ్లన్నీ బంతి మీదే. తప్పు చేస్తే తప్ప రిఫరీని ఎవరూ గమనించరు. పెద్ద మ్యాచ్‌లో ఆయన సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆటగాడు అలసిపోతే మరొకరు దిగుతారు. రిఫరీకి ఆ వెసులుబాటు ఉండదు. ఎండలో ఒంట్లో నీరు తగ్గేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది, కాళ్లు వెనకబడతాయి, ఆలోచన మందగిస్తుంది.

2022 జనవరి 12న కామెరూన్‌లోని లింబేలో ట్యునీషియా, మాలి జట్లు మధ్యాహ్నపు ఎండలో ఆడాయి. జాంబియా రిఫరీ జానీ సికాజ్వే 85వ నిమిషంలోనే ఆట ముగిసిందని ఈల ఊదారు. మళ్లీ ఆడించి, 90 నిమిషాలు నిండకుండానే ఇంకోసారి ముగించారు. చాలామంది నవ్వారు. ఆయనకు వడదెబ్బ తగిలిందని తర్వాత తెలిసింది. అదే ఏడాది నవంబరులో ఖతార్ ప్రపంచ కప్‌లో బెల్జియం, కెనడా మ్యాచ్‌ను నడిపింది ఆయనే.

ఎండ సంగతి మన రాయచూరు వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. నేను బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, సింధనూరు దగ్గర ఒక క్యాంపులో పిల్లల మ్యాచ్‌కి నన్ను రిఫరీగా నిలబెట్టారు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కడుపు బరువవుతుందని నీళ్లు తాగలేదు. చివర్లో బంతికి బాగా వెనక ఉండిపోయి పెనాల్టీ ఇచ్చాను. "సార్, నేను తాకనే లేదు" అన్నాడు ఒక పిల్లవాడు. వాళ్ల జట్టు ఓడిపోయింది. ఆ రాత్రి నెమ్మదిగా ఆలోచిస్తే వాడు చెప్పిందే నిజమనిపించింది. నేను అలసిపోయానని మైదానంలో నాకే తెలియలేదు. అలసటతో వచ్చే చిక్కు అదే.

అందుకే 2014 బ్రెజిల్ ప్రపంచ కప్‌లో, వేడి హద్దు దాటితే ఆట ఆపి నీళ్లు తాగే ఏర్పాటు చేశారు. దాహం వేసేదాకా ఆగకుండా ముందే తాగాలి, ముందే నిద్రపోవాలి.

తల్లిదండ్రులారా, పరీక్ష ముందు రాత్రి పిల్లల్ని జాగరణ చేయించకండి. పిల్లలూ, మైదానంలో రిఫరీని తిట్టే ముందు ఆయనకొక గ్లాసు నీళ్లివ్వండి.