రెండు వేల ఏళ్లకో రాత్రి



సైన్సు కథల సంపుటి అనగానే "రాకెట్లూ, మరమనుషులూ మనకెందుకమ్మా!" అని పక్కన పెట్టేస్తాం. నేనూ అలాగే పెట్టేసేదాన్ని. మా అబ్బాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం ఒకటి, ఓ మధ్యాహ్నం ఏమీ తోచక తిరగేశాను. అది ఐజాక్ అసిమోవ్ కథల సంపుటి 'నైట్‌ఫాల్ అండ్ అదర్ స్టోరీస్'. 1969లో వచ్చింది.

అందులో 'నైట్‌ఫాల్' కథ 1941 నాటిది. అప్పటికి రచయితకు 21 ఏళ్లే. ఆ కథలో ఒక లోకం, దానికి ఆరుగురు సూర్యులు. ఒకరు అస్తమిస్తే మరొకరు ఉంటారు గనుక అక్కడివాళ్లు చీకటి ఎరుగరు. 2049 ఏళ్లకొకసారి మాత్రం, ఆకాశంలో ఒక్క సూర్యుడే మిగిలిన వేళ గ్రహణం పడుతుంది. చీకటి, దాని వెంట వేల చుక్కలు! ఆ దృశ్యానికి జనానికి మతిపోతుంది. వెలుతురు కోసం ఊళ్లకు ఊళ్లే తగలబెట్టుకుంటారు.

ఆ రాత్రి ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కి, తల ఎత్తి చూశాను. పుట్టినప్పటి నుంచీ నా నెత్తిన ఉన్న చుక్కలే. చెప్పొద్దూ, అప్పుడే మొదటిసారి చూసినట్లనిపించింది.

రే బ్రాడ్‌బరీ 1954లో దీనికి సరిగ్గా ఎదురైన కథ రాశారు. 1959 నాటి 'ఎ మెడిసిన్ ఫర్ మెలాంకలీ' సంపుటిలో అది ఉంది. శుక్రగ్రహం మీద ఎడతెగని వాన. ఏడేళ్లకొకసారి, రెండే గంటలు ఎండ. భూమి నుంచి వచ్చిన మార్గో అనే పిల్లకు సూర్యుడు గుర్తున్నాడు. తోటి పిల్లలు నమ్మరు. సరిగ్గా ఆ రోజునే ఆమెను గదిలో పెట్టి గడియ వేస్తారు. ఎండ వస్తుంది, అందరూ ఆడుకుంటారు. మళ్లీ వాన మొదలయ్యాక గాని మార్గో గుర్తుకు రాదు.

నిజానికి శుక్రుడి మీద అలాంటి వానలు లేవు. నేల మీద వేడి సుమారు 460 డిగ్రీల సెంటిగ్రేడు. సైన్సు తప్పయినా కథ పాతబడలేదు. ఎందుకంటే అందులోని వింత శుక్రుడిది కాదు, మన వాకిట్లో పడే ఎండది. రోజూ ఉన్నదాన్ని ఒక్కసారి లేదనుకోమంటాయి ఈ కథలు. అంతే, అది కొత్తదైపోతుంది.

కాని మార్గో నన్ను వదల్లేదు. ఒకసారి సంతకు వెళ్లి వస్తుంటే మా అమ్మాయి "అమ్మా, చందమామ మనతోనే ఎందుకొస్తున్నాడే?" అని అడిగింది. చేతిలో బరువు, ఇంట్లో పని. "నోరు మూసుకుని నడు" అన్నాను. గడియ వేసింది నేను కూడా కదూ!

కథ చదివాక దాన్ని పిలిచి చెప్పాను: చెట్లూ ఇళ్లూ దగ్గరవి గనుక మనం నడుస్తుంటే వెనక్కి పోతాయి. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు గనుక మన నాలుగడుగులకు కదిలినట్లే కనపడడు, వెంట వస్తున్నట్లుంటాడు. అది కాసేపు ఆలోచించి, "మరి చుక్కలో?" అంది. ఈసారి ఇద్దరం డాబా ఎక్కాం.

నవలకు తీరిక లేకపోయినా, పప్పు ఉడికేలోగా ఒక కథ అయిపోతుంది. చదవండి. చదివాక పిల్లలేదైనా అడిగితే, మాత్రం గడియ వేయకండి.