కొత్త బ్లేడు కూడా మొక్కులో భాగమే
(ధర్మవరంలో భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందూపురంలో 30 యేండ్లు సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడిని, వైద్యుడిని కాను. చరకసంహితలో పాండురోగ చికిత్సాధ్యాయంలోని కామల ప్రకరణం చదివిన ధైర్యంతో, కన్నులు పచ్చబడనిదే కాలేయానికి రోగం లేదని తలచేవాడిని. ఆ తలంపు తప్పని నా దేహమే నాకు బోధించింది.

కొన్నేండ్ల క్రితం కంటి శుక్లం తీయించుకొనబోతే, ముందుగా చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉన్నదని తేలింది. నేను పచ్చకామెర్లు ఎన్నడూ ఎరుగను. ఈ వైరస్ పదుల యేండ్లు మౌనంగా ఉండి కాలేయాన్ని గట్టిపరుస్తుంది. కొందరిలో క్యాన్సరుకు దారి తీస్తుంది. ఎక్కడ సోకిందో చెప్పలేను. మా బాల్యంలో ఒకే సూది పదిమందికి, ఒకే క్షౌరపు కత్తి ఊరందరికీ.

మూడు నెలలు ఎవరికీ నా చేతితో తీర్థమివ్వలేదు. ఇంట్లో కంచం వేరు పెట్టించుకొన్నాను. వైద్యుడు విని నవ్వి, “అయ్యవారూ, పంక్తిభోజనంతో, తీర్థప్రసాదాలతో ఇది రాదు. రక్తంతో, దాంపత్యంతో, ప్రసవంలో తల్లి నుండి బిడ్డకు వస్తుంది” అన్నారు. నా భార్యకు, కుమారులకు లేదని తేలింది. ఆరు నెలల వ్యవధిలో మూడు టీకాలు వేయించాము.

వెలుపల పడిన రక్తంలో ఈ వైరస్ 7 దినాలు బ్రతకగలదు. కనుక తలనీలాలు ఇచ్చేటప్పుడు మీ కన్నుల ముందే కొత్త బ్లేడు విప్పమని అడగండి. చెవులు కుట్టించేటప్పుడు, జాతరలో పచ్చబొట్టు పొడిపించుకొనేటప్పుడు సూదికీ అదే నియమం. అన్నదానానికి ఇచ్చే దాతలు బ్లేడ్లకు కూడా కొంత ఇస్తే అది చిన్న పుణ్యం కాదు.

పెనుకొండలో మా మనుమరాలు పుట్టినప్పుడు, పురుడు వెళ్ళేవరకు సూది వద్దని అడ్డుపడినవాడిని నేనే. ఆశౌచం వైదికకర్మలకే గాని ఔషధానికి కాదని ఊరికి చెప్పే నాకు ఆనాడు అది తోచలేదు. నర్సమ్మ నా మాట వినక, 24 గంటలలోపు పడవలసినదని టీకా వేసింది. పుట్టుకలో సోకితే నూటికి 90 మందిలో వైరస్ నిలిచిపోతుంది. పెద్దలలో 5 మందిలోపే.

కామెర్లకు మణికట్టుపై వాతలు, కంటిలో పసరు మన సీమలో ఇంకా ఉన్నాయి. కలుషిత జలంతో వచ్చే ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. కీర్తి పసరుకు దక్కుతుంది. గర్భిణికి మాత్రం ఇ రకం ప్రాణాంతకం, ఒక్కరోజు కూడా ఆగరాదు.

2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద నిర్ణీత ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. నాకింకా మందు అవసరం పడలేదు. ఆరు నెలలకోసారి రక్తం ఇచ్చి వస్తున్నాను. మొన్న ఉగాదికి ఆలయంలో తీర్థం నేనే ఇచ్చాను.