చావవలసిన కణం చావకపోతే
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా సైన్సు విషయం చెప్పు, పావుగంట దాటొద్దు" అన్నారు నిర్వాహకులు. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, మాట్లాడబోయేది కణాల చావు గురించి. కారణం చెప్తాను. మా అన్నయ్య మీలో చాలామందికి తెలుసు, నాకంటే నాలుగేళ్ళ ముందు ఇక్కడే చదివాడు. మూడేళ్ళ కిందట ఆయనకు క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. ఆయన చెప్పమన్నాడు కాబట్టే చెబుతున్నాను. "తెల్లకణాలు అంత వేగంగా పుడుతున్నాయా అండీ?" అని వదిన అడిగితే, "పుట్టడం కన్నా, చావవలసినవి చావకపోవడమే అసలు ఇబ్బందమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటినుంచి దొరికిందల్లా చదివాను.

చావవలసిన కణం అంటే ఏమిటి? తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక ఊడి కింద పడదు. థైరాయిడ్ హార్మోను సంకేతం అందగానే తోకలోని కణాలు తమంతట తాము చచ్చిపోతాయి. తల్లి కడుపులో మన చెయ్యి కూడా మొదట తెడ్డులాగే ఉంటుంది, వేళ్ళ సందుల్లోని కణాలు చచ్చిపోతేనే వేళ్ళు విడివడతాయి. ఇప్పుడు నేను మాట్లాడుతుండగా కూడా మన ఒంట్లో కణాలు ఇలా పోతూనే ఉన్నాయి. రోజుకు వేల కోట్లు. దెబ్బ తగిలి చచ్చే కణం ఉబ్బి పగులుతుంది, చుట్టూ వాపు వస్తుంది. ఇది అలా కాదు. కణం ముడుచుకుని, ముక్కలుగా విడిపోతుంది, పక్క కణాలు ఆ ముక్కలను మింగేస్తాయి. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆకులు, పూరేకులు రాలడం అని అర్థం.

దీని గుట్టు దొరికింది ఆసుపత్రిలో కాదు, ఒక పురుగులో. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే ఆ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు, ఒళ్ళంతా గాజులా పారదర్శకం. దాన్ని పరిశోధనకు ఎంచుకున్నవాడు సిడ్నీ బ్రెన్నర్. కేంబ్రిడ్జిలో జాన్ సల్‌స్టన్ మైక్రోస్కోపు ముందు గంటల తరబడి కూర్చుని, ఏ కణం ఎప్పుడు రెండయిందో, ఏది ఎటు పోయిందో చేత్తో గీసుకుంటూ లెక్కపెట్టాడు. మొత్తం 1090 శరీర కణాలు పుడతాయి. వాటిలో 131 చస్తాయి, 959 మిగులుతాయి. ప్రతి పురుగులోనూ అవే 131! ఇంత కచ్చితంగా జరిగితే దాని వెనక సర్క్యూట్ ఉండాలని ఏ ఇంజనీరుకైనా అనిపిస్తుంది.

అమెరికాలో రాబర్ట్ హార్విట్జ్ బృందం ఆ సర్క్యూట్ వెతికింది. సెడ్-3, సెడ్-4 అనే జన్యువుల్లో ఏది పాడైనా ఆ 131 కణాలు బతికిపోతాయని 1986లో చూపించారు. సెడ్-9 అనే మరో జన్యువు చావును ఆపి ఉంచుతుంది. ఈగల్-1 అనేది వచ్చి సెడ్-9ని పక్కకు లాగితే చావు మొదలవుతుంది. బ్రెన్నర్, సల్‌స్టన్, హార్విట్జ్‌లకు 2002లో నోబెల్ వచ్చింది.

పురుగు సంగతి మనకెందుకు అనకండి. బీసీఎల్-2 అనే మనిషి జన్యువు అప్పటికే ఒక రకం లింఫోమా క్యాన్సర్‌లో బయటపడింది. అది కణాలను వేగంగా పెంచదు, చావనివ్వదు అని మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్ 1988లో కనిపెట్టాడు. 1992లో ఆయనా సహచరులూ ఆ మనిషి జన్యువును పురుగులో పెట్టి చూశారు. పురుగు కణాలు చావడం తగ్గింది. మనకూ ఆ పురుగుకూ పూర్వీకులు విడిపోయి కోట్ల ఏళ్ళయినా మీట ఒకటే అన్నమాట! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన ప్రయోగం ఇదే.

సంకేతాల మాట మా వృత్తి భాషలో చెప్తాను. పొలంలో మోటారు స్టార్టర్ పెట్టె చూశారు కదా. లోపల నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు వస్తున్నంతసేపే అది కాంటాక్టును పట్టి ఉంచుతుంది, పోగానే వదిలేస్తుంది. కణం కూడా అంతే. ఇరుగుపొరుగు కణాల నుంచి "ఉండు, నీతో పని ఉంది" అనే సంకేతం అందుతున్నంతవరకే బతుకుతుంది. నాడీకణాలకు అలాంటి సంకేతాన్ని ఇచ్చే పదార్థాన్ని కనిపెట్టినందుకే రీటా లెవీ మోంటాల్చినీకి 1986లో నోబెల్ పంచారు. మరి కరెంటు పోయినా మోటారు ఆన్‌లోనే ఉండాలని కొందరు రైతులు స్టార్టరులో పుల్ల అడ్డం పెడతారు చూశారా? (మా శాఖవాళ్ళం వద్దని ఎన్నిసార్లు చెప్పామో!) బీసీఎల్-2 ఎక్కువైన కణంలో జరిగేది అదే. సంకేతం ఆగినా, జన్యువులు దెబ్బతిన్నా మీట పడదు.

మా అన్నయ్య వేసుకునే మాత్ర వెనెటోక్లాక్స్ ఆ పుల్లను లాగేస్తుంది. అమెరికాలో దానికి మొదటి అనుమతి 2016లో వచ్చింది. పురుగులో ఈగల్-1 చేసే పనినే అది మన కణంలో చేస్తుంది. మొదటి వారం రోజుకు 20 మిల్లీగ్రాములు, తర్వాత 50, 100, 200, ఐదో వారానికి 400. అంత నెమ్మది ఎందుకంటే ఒక్కసారిగా ఇస్తే ఆగిపోయి ఉన్న చావులన్నీ ఒకేసారి జరిగి, ఆ కణాల్లోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలోకి వచ్చిపడి మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. ఆ ఐదు వారాలూ వదిన చెంబు పట్టుకుని ఆయన వెంటే తిరిగింది, నీళ్ళు తాగు, నీళ్ళు తాగు అని. మెడ దగ్గర గడ్డలు మూడో వారానికే తగ్గడం నేను చేత్తో తడిమి చూశాను. జబ్బు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. పరీక్షలకు వెళ్తూనే ఉన్నాం. ఈ రోజు ఆయన ఐదో వరుసలో కూర్చుని నా టైము చూస్తున్నాడు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. సల్‌స్టన్ చూసిన పురుగుకు దగ్గరి బంధువులు కుళ్ళిన పళ్ళలో, ఎరువు గుంటలో దొరుకుతాయి. మన ల్యాబ్‌లో వాటిని కదులుతుండగా చూపించే స్టీరియో మైక్రోస్కోపు లేదు. ఒకటి నేను కొనిస్తాను. రెండోది మా బ్యాచ్ ఇవ్వాలి. పేర్లు ఇప్పుడే రాసుకుంటున్నాను.